పన్నెండు వోల్టుల పంతం

వడ్ల వ్యాపారి తన బండిని తీసుకెళ్ళి వడ్ల కుప్ప మీదికే ఎక్కించాడంటే నవ్వనివాడు మిర్యాలగూడలో ఉంటాడా? హమాలీలు నవ్వారు, మిల్లు గుమాస్తాలు నవ్వారు, టీకొట్టు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నవ్వారు. కుప్ప యజమాని అయితే నవ్వు ఆపుకోకుండానే వచ్చి శ్రీపతిని లేవదీశాడు.

“ఏంది సేటూ, కొనేముందు గిట్ల మీద పండుకోని సూస్తరా?” అన్నాడు.

జరిగింది చూడబోతే చాలా చిన్న విషయం. వానకాలం కోతలు మొదలైతే ఆ దారుల్లో సగం రోడ్డు లారీలది, సగం రోడ్డు వడ్లది. పగలంతా తారు మీద ఆరబోస్తారు, పొద్దుగూకితే కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ఆ రోజు ఇంకా తెల్లవారలేదు. మంచు దట్టంగా కురుస్తోంది. పాత యెజ్డీ మోటార్‌సైకిల్ ముందు చక్రం ఆ టార్పాలిన్ మీదికి ఎక్కింది, శ్రీపతి గాల్లోకి ఎక్కాడు. దిగడం మాత్రం వడ్ల మీద మెత్తగానే దిగాడు. ఒంటికి చిన్న గీత కూడా పడలేదు. పరువు సంగతి వేరే.

ఆయన ఇల్లు చేరేసరికి ఆ వార్త ముందే వచ్చి పీట వేసుకుని కూర్చుంది. భార్య సత్యమ్మ గడపలోనే నిలబడి పైనుంచి కిందిదాకా చూసింది. చొక్కా జేబులోంచి వడ్లు రాలుతున్నాయి.

“లైటు సరిగ లేదు సత్యా. ఆరు వోల్టుల బండి. గుడ్డి దీపం,” అన్నాడు శ్రీపతి.

“ఆడలేక మద్దెల ఓడని! ఇన్నేండ్ల సంది గదే లైటు గద?”

కొడుకు జితేందర్ లోపలి నుంచి వచ్చాడు. మంచి పిల్లవాడే, కానీ ఏ కష్టానికైనా వాడి దగ్గర ఉండే మందు ఒక్కటే. “నాన్నా, కారు కొందాం. డ్రైవర్ను పెడదాం. నేను తిరుగుత. నువ్వు దుకాణంల కూసో,” అన్నాడు.

దుకాణంలో కూర్చోవడమట! శ్రీపతి పని ఏమిటో వాడికి ఇంకా అర్థం కాలేదు. కల్లం దగ్గరికి అందరికంటే ముందు చేరాలి. కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి లోపలి గింజ తీయాలి. పంటి కింద పెట్టి కొరకాలి. టక్కుమంటే ఒక ధర, మెత్తగా నలిగితే ఇంకో ధర. రెండోవాడిగా వెళ్ళినవాడికి దక్కేది మొదటివాడు వద్దన్న సరుకు. ఇది కుర్చీలో కూర్చుని చేసే పనా? ఆ యెజ్డీ లేని రోజున తాను లేనట్టేనని శ్రీపతి ఉద్దేశం. అందులో అతిశయం ఉందేమో గానీ అబద్ధం లేదు.

ఇక అసలు సంగతి. యెజ్డీ లైటు గుడ్డిదన్న మాట నిజమే, మెల్లగా పోతుంటే గాలిలో దీపంలా రెపరెపలాడుతుంది. కానీ మొన్న ఎండాకాలం నుంచి శ్రీపతికి పున్నమి చంద్రుడు ఒకడు కాక ముగ్గురు కనిపిస్తున్నారు. ఎదురుగా వచ్చే లారీ వెలుగు దూదిపింజలా విచ్చుకుని రోడ్డంతా కప్పేస్తోంది. కంటి శిబిరంలో డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేయించుకోమని చెప్పాడు. శ్రీపతి తల ఊపి బయటికి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

భయం కత్తికి కాదు. స్నేహితుడు మంగయ్య కథ కళ్ళముందు ఉంది. పోయినేడు మంగయ్య ఇలాగే కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. పట్టీ విప్పేలోపల కొడుకులు స్కూటర్ తాళం దాచేశారు. కళ్ళు బాగుపడ్డాయి, తాళం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆ స్కూటర్ మీద కోళ్ళు పడుకుంటున్నాయి. మంగయ్య వరండాలో కూర్చుని చక్కగా కనబడే కళ్ళతో ఆ కోళ్ళను చూస్తుంటాడు.

కాబట్టి శ్రీపతి తనకు తెలిసిన లెక్కే వేశాడు. తక్కెడలో ఒక పళ్ళెం తేలిపోతే అందులో ఇంకాస్త వేస్తాం, ముల్లు సరిపోతుంది. కంటికి ఎంత తగ్గిందో లైటుకు అంత పెంచితే సరి! జీవితమంతా తూకం వేసినవాడికి తప్ప ఇలాంటి ఆలోచన ఇంకెవరికీ రాదు.

“బండికి రెండు లైట్లు అదనంగ పెట్టిస్త. అప్పుడు సూడు,” అన్నాడు భార్యతో.

సత్యమ్మ ఆయన జేబులో మిగిలిన వడ్లు దులిపింది. “సరే, పెట్టించుకోండ్రి. పెట్టించినంక నేను వెనక కూసుంట. తెల్లారకముందు వాడపల్లి దాక పోదాం. బండి కుప్ప మీదికి ఎక్కినా, ఎక్కడన్న పడ్డా, ఇగ బండి ఖతం. పాత ఇనుము కింద అమ్ముడే. పడకుంట తీస్కపోతే మాత్రం నేను మళ్ళ నోరెత్త.”

సత్యమ్మ మాటంటే మాటే. శ్రీపతి సరేనన్నాడు. ఆ క్షణం నుంచి యెజ్డీ ప్రాణం, దానితోపాటు తన ప్రాణం, ఆ రెండు లైట్ల మీదే వేలాడింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ బాగా కాశాక హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్ళాడు. బస్టాండు దగ్గర మధుసూదన్ అని బండ్ల సామాన్లు అమ్మే మనిషి ఉన్నాడు. దుకాణంలో గోడ నిండా లైట్లే. ఒక్కొక్కటీ వెలిగించి చూపించాడు.

“ఇవి తీసుకోండి సేటుగారూ. మంచులో కూడా దూసుకుపోతాయి. ఇంతకీ ఏ బండికండీ?”

“యెజ్డీ.”

“అబ్బో! అయితే నేనేం హామీ ఇవ్వలేనండీ. ఇవి పన్నెండు వోల్టులవి. మీ బండిది ఆరు కదా?”

“సగం వెలిగినా చాలు,” అన్నాడు శ్రీపతి. మధుసూదన్ ఈ బేరం ఎక్కడికి దారితీస్తుందో తనకెందుకనుకుని గుండ్రటి లైట్లు రెండు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేశాడు.

అక్కడి నుంచి సూర్యాపేట. మోతె నుంచి వచ్చి చాలాకాలం కిందటే అక్కడ షెడ్డు వేసుకున్న మెకానిక్ బీరయ్య చేతికి తప్ప ఆ యెజ్డీ ఇంకో చేతికి లొంగదు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా అయిన ఆ బండిని చూసి కొత్త మెకానిక్కులు భయపడతారు. బీరయ్య మాత్రం దాన్ని చూడగానే ఆడపడుచు వచ్చినట్టు మొహం విప్పార్చుకుంటాడు.

పెట్టె విప్పి లైట్లు చూశాడు. బండిని చూశాడు. శ్రీపతిని చూశాడు.

“సేటూ, గీ బండి డైనమో ఇచ్చేదే ఇంత కరెంటు. గా బ్యాటరీ మీదనే ఇంజిన్ల నిప్పు పుట్టాలె. గీ రెండు కలిసి కరెంటు తాగితే ఇంజిన్‌కు ఏం మిగుల్తది? నడిరోడ్డు మీద బండి బంద్ అయితది.”

“మరి ఎట్ల?”

బీరయ్య బీడీ ముట్టించుకుని షెడ్డంతా కలియజూశాడు. మూలన పొలానికి మందు కొట్టే బ్యాటరీ పంపు ఒకటి పడి ఉంది. వీపుకు తగిలించుకునే డబ్బా పగిలిపోయింది, లోపలి బ్యాటరీ మాత్రం బాగానే ఉంది. దాన్ని బయటికి లాగి దుమ్ము ఊదాడు.

“గిది పన్నెండు వోల్టులు. బండి పక్క డబ్బాల మంచిగ పడ్తది. లైట్లు దీని మీద, ఇంజిన్ దాని మీద. ఇంటికి పోయినంక పంపు చార్జర్ పెట్టుకుంటే సరి.” బీరయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు. “వేరు కాపురం పెట్టిద్దాం సేటూ. కొట్లాట ఉండది.”

ఇక పని మొదలైంది. ఆ పని చూస్తుంటే ఎవరికైనా కడుపు నిండుతుంది. ముందు లెగ్ గార్డుకు రెండు వైపులా క్లాంపులు బిగించాడు. ఇనుము ఇనుమును కొరకకుండా, బండి అదురుకు మరలు వదులు కాకుండా మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాడు. వైర్లను నల్ల గొట్టంలో తొడిగి పెట్రోలు ట్యాంకు కింద నుంచి, సైలెన్సర్ వేడి తగలని దారిలో పక్క డబ్బాదాకా తెచ్చాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. హ్యాండిల్ మీద స్విచ్చు. స్విచ్చుకు పోయే వైరును బిగించేముందు హ్యాండిల్ ఇటు చివర నుంచి అటు చివరకు తిప్పి చూసి, మెడ దగ్గర కాస్త వైరు వదులుగా వదిలాడు. “ఈడ బిగపడితే మలుపు కాడ తెగుతది,” అని తనలో తాను చెప్పుకున్నాడు. పాత వైర్లను వేలితో కూడా ముట్టుకోలేదు.

స్విచ్చు నొక్కాడు. షెడ్డంతా పెళ్ళిపందిరైపోయింది. శ్రీపతి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అంతా అయిపోయిందనుకుంటుండగా చివరి పని ఒకటి వచ్చింది. వెలుగు ఎదుటివాడి కళ్ళల్లో పడకూడదు కదా, ఎంత ఎత్తున పడుతోందో చూసి బిగించాలి. బీరయ్య షట్టరు కిందికి దించి చీకటి చేశాడు. గోడ మీద సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాడు. శ్రీపతిని గోడ దగ్గర నిలబెట్టి తాను లైట్ల దగ్గర కూర్చున్నాడు.

“సేటూ, వెలుగు గీతకు కిందున్నదా, మీదున్నదా?”

శ్రీపతికి గీత కనబడితే కదా! గోడ మొత్తం తెల్లటి పాలనురుగులా ఉంది. రెండు లైట్లకు నాలుగు గుండ్రాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఈదుతున్నాయి.

“కిందనే ఉంది,” అన్నాడు ధైర్యంగా.

“నేనింకా పైకే పట్టిన గదా?”

“అదే... పైననే ఉంది.”

బీరయ్య లైట్లు ఆర్పాడు. మెల్లగా లేచి వచ్చాడు. “సేటూ, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మీకు కండ్లు మంచిగున్నయా?”

దొంగకు తేలు కుట్టినట్టయింది శ్రీపతికి. “నా కండ్లకేమైంది? మధ్యాహ్నం సంది ఎండల తిరిగిన. నువ్వే వచ్చి సూస్కోని బిగియ్యి,” అని కసిరాడు. బీరయ్య తానే చూసుకుని, తానే బిగించి, షట్టరు పైకెత్తాడు. బండి బయటికి తీస్తున్నప్పుడు మాత్రం, “పైలం సేటూ,” అన్నాడు. ఆ ఒక్క హెచ్చరిక మిర్యాలగూడ దాకా శ్రీపతి వెంటే వచ్చింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. సత్యమ్మ కొత్త లైట్లకు పసుపు రాసి కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని వెనక సర్దుకుని కూర్చుంది. తెల్లవారడానికి ఇంకా టైముంది. శ్రీపతి కిక్కు కొట్టాడు. డబడబమని బండి లేచింది.

ఊరు దాటగానే మంచు. స్విచ్చు నొక్కాడు.

ఎదురుగా సున్నం వేసిన గోడ! గుడ్డి దీపంతో మసకగా కనబడే రోడ్డు కాస్తా ఇప్పుడు మొత్తానికే మాయమైంది. వెలుగు పెరిగిన కొద్దీ తెలుపు పెరిగింది. తక్కెడ లెక్క తప్పింది. ఇదంతా మంచు వల్లేనని సర్దిచెప్పుకోబోయాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి సత్యమ్మ సంబరంగా అరిచింది.

“అబ్బ, ఎంత మంచిగ కనబడ్తున్నదండీ! గా మైలురాయి మీది అంకెలు సుత కనబడ్తున్నయ్! అగో, ఎడమ దిక్కు కుక్క పండుకున్నది సూడుండ్రి.”

శ్రీపతికి రాయి కనబడలేదు, కుక్క అంతకన్నా కనబడలేదు. అయినా హ్యాండిల్ కుడివైపు కాస్త తిప్పాడు. కుక్క దగ్గరగా మొరిగి వెనకబడింది.

వ్యాపారి బుర్ర కదా, చటుక్కున వెలిగింది. లైట్లు సత్యమ్మకు పనిచేస్తున్నాయి. సత్యమ్మ నోరు తనకు పనిచేస్తుంది! బండి వేగం బాగా తగ్గించాడు. ఇక మొదలుపెట్టాడు.

“సత్యా, గా ముందట కుప్ప ఎవరిదో?”

“ఏదీ? గా కుడి దిక్కుదా? ఎవరిదో మరి. పెద్దగనే ఉన్నది.”

ఎడమకు జరిగాడు. మంచులోంచి టార్పాలిన్ వాసన పక్కగా వచ్చి పోయింది.

“రాళ్ళు మంచిగ పెట్టిన్రా?”

“ఎడమ దిక్కు పెట్టిన్రు. నడిమిట్ల ఖాళీనే.”

ఇలా భార్య కళ్ళను అరువు తెచ్చుకుని శ్రీపతి దామరచర్ల దాటించాడు. సిమెంటు లారీలు ఎదురొచ్చి, “అగో లారీ!” అని ఆమె అన్న ప్రతిసారీ బండిని అంచుకు దించి నిలబెట్టి, అది పోయాక మళ్ళీ ఎక్కించాడు. సత్యమ్మకు అది జాగ్రత్తగా కనిపించింది. ఇంకెంత, కాస్త పోతే వాడపల్లి. పందెం గెలిచినట్టే. శ్రీపతి మీసం కింద నవ్వు కూడా మొదలైంది.

“నేనే తప్పుగ అనుకున్నండీ,” అంది సత్యమ్మ. గొంతులో బెరుకంతా పోయింది. “మీరు బంగారమసొంటి తోలుడు తోలుతున్నరు. పడ్డప్పటి సంది నాకు నిద్ర లేదు. మీరు బయటికి పోతే ఫోన్ మోగుతదేమోనని దాన్నే సూస్కుంట కూసుంటుంటి. ఇగ నాకు భయం లేదు.”

ఆమె శాలువా తల మీదికి లాక్కుని, ఆయన వీపుకు చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

మాటలు ఆగిపోయాయి.

“సత్యా, గా ముందటిదేంది?” అన్నాడు శ్రీపతి.

వీపు మీద వెచ్చగా ఊపిరి తగులుతోంది. ఎదురుగా అదే తెలుపు. ఒంటరిగా ఉండి ఉంటే ఏ దేవుడి మీదో భారం వేసి పోయేవాడే, ఇన్నాళ్ళూ అలాగే పోయాడు. ఇప్పుడు వెనక ఒక మనిషి తన మీద భారం వేసి నిద్రపోతోంది. నమ్మి పడుకున్నదాన్ని చూపులేని చేతులతో తీసుకెళ్తున్నానన్న మాట తట్టేసరికి శ్రీపతికి చలిలో చెమట పట్టింది. బండి ఉంటుందా పోతుందా అన్న ఆలోచన ఆ చెమటలో కొట్టుకుపోయింది.

మెల్లగా అంచుకు దించి బండి ఆపేశాడు. ఇంజిన్ కూడా ఆపాడు.

సత్యమ్మ ఉలిక్కిపడి లేచింది. “వచ్చినమా?”

“రాలే. దిగు.”

ఆమె దిగింది. ఆయన దిగి స్టాండు వేశాడు. తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నాకు కనబడ్తలేదు సత్యా. లైట్ల తప్పేం లేదు. రెండు కండ్లల శుక్లాలు ఉన్నయట, ఎండకాలమే చెప్పిండు డాక్టరు. నువ్వు చెప్తుంటే నీ మాట మీద తోలిన. నువ్వు పండుకున్నవ్. ఇగ నాతోని కాలే.”

సత్యమ్మ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది. రెండు లైట్లూ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. ఆ వెలుగు పోయినంత దూరం రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. కుప్ప లేదు, రాయి లేదు, లారీ లేదు. ఆ చివర, పలచబడ్డ మంచులోంచి వాడపల్లి దీపాలు.

“ముందట ఏం లేదు గదండీ,” అంది నెమ్మదిగా. “నేను లేవకపోయినా సక్కగ పోయేటోళ్ళు. గెల్చేటోళ్ళు. ఎందుకు ఆపిన్రు?”

“ఉన్నదో లేదో నాకేం ఎరుక? వెనక నువ్వుంటివి.”

సత్యమ్మకు కోపం వచ్చింది. ఎండాకాలం నుంచి దాచినందుకు, తనను వెనక కూర్చోబెట్టుకుని మాటలతో బండి నడిపినందుకు, నోటికొచ్చినన్ని తిట్లు తిట్టింది. రోడ్డు మీద ఎవరూ లేరు కాబట్టి గొంతు కూడా తగ్గించలేదు. శ్రీపతి తల వంచుకుని అన్నీ విన్నాడు. అన్నీ అయిపోయాక ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, గుప్పిట విప్పి, తాళాన్ని తిరిగి అందులోనే పెట్టింది.

“ఇదేంది?” అన్నాడు శ్రీపతి.

“మీ బండి తాళం. మీ దగ్గరనే ఉండనీయుండ్రి. ఆపరేషన్ అయి, డాక్టరు తోలమన్ననాడు మీరే తోలుండ్రి. జితేందర్ గాడు అడ్డమొస్తే నేను మాట్లాడుత.”

“నేను ఓడిపోయిన గద?”

“పడ్డరా? పడలే. కుప్ప మీదికి ఎక్కిచ్చిన్రా? లే. ఆపిన్రు.” ఆమె శాలువా కొంగుతో ముక్కు తుడుచుకుంది. “తోలుడు అందరికొస్తది. గెలుస్తమని తెలిసినంక సుత ఆపేటోని చేతిల బండి ఉంటే నాకేం భయం?”

శ్రీపతి తాళాన్ని గట్టిగా పట్టుకుని, వడ్ల వాసన వేస్తున్న ఆ రోడ్డు అంచున నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు. సత్యమ్మ ఆయన్ను ఏడవనిచ్చి, స్విచ్చు వెతికి లైట్లు ఆర్పి, ఫోన్ తీసింది.

“జితేందర్, లెవ్వు. కారు కిరాయికి మాట్లాడుకోని వాడపల్లి దారి పట్టు. కోదాడ కంటి దవాఖానకు పోవాలె... ఏం కాలే బిడ్డా, పరేషాన్ కాకు. మీ నాన్న బండి మంచిగనే తోలిండు.”